యుద్ధంలో లైంగిక హింసకు గురైనవాళ్ళ మాటల్ని తర్జుమా చేయాల్సి వస్తే ఏ మాటలు వాడాలి?

బాలాపూర్ దారి (ప్రశ్న అడిగినవారు):

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

నేను హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ. రెండూ వచ్చు కదా అని ఒక స్నేహితురాలు నన్నొక చిన్న బృందంలో కలిపింది. బాలాపూర్ వైపు ఉండే రోహింగ్యా కుటుంబాల్లో (బర్మా నుంచి పారిపోయి వచ్చిన ముస్లిం శరణార్థులు) ఆడవాళ్ళకి ఒంట్లో బాగోలేకపోతే తోడుగా ఆస్పత్రికి వెళ్ళడం, వీళ్ళు చెప్పేది డాక్టర్‌కి, డాక్టర్ చెప్పేది వీళ్ళకి అందించడం, అదీ పని. బర్మా సైన్యం వాళ్ళ ఊళ్ళమీద పడ్డప్పుడు ఆడవాళ్ళకి ఏం జరిగిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, 2019లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం ఆ ఒక్క విషయం మీదే విడిగా నివేదిక ఇచ్చింది. కింద రాసేదాంట్లో మనిషిని గుర్తుపట్టే విషయాలన్నీ మార్చేశాను, దయచేసి వివరాలు అడగొద్దు.

ఒకావిడ నడుం నొప్పి, నిద్ర పట్టడం లేదు అని వచ్చింది. ఆమెకి తన భాష తప్ప ఇంకోటి రాదు. పక్క గుడిసెలో ఉండే ఆవిడకి ఇక్కడికొచ్చాక మన దక్కనీ ఉర్దూ పట్టుబడింది. అంటే మాట ఈమె నోట్లోంచి ఆ పక్కావిడకి, ఆవిడ నుంచి ఉర్దూలో నాకు, నా నుంచి తెలుగులో డాక్టర్‌కి, అక్కడి నుంచి ఇంగ్లీషులో కేస్ షీట్ మీదికి. మధ్యలో దేనికో ఆమె చాలాసేపు మాట్లాడింది, చున్నీ చివర వేలికి చుడుతూ విప్పుతూ, ఎవరి మొహమూ చూడకుండా. పక్కావిడ అదంతా విని నాకు చెప్పింది ఒక్క ముక్క, ఫౌజీలు వచ్చి ఇజ్జత్ తీశారని. "మానభంగం" అనే మాట నా నోటిదాకా వచ్చింది గానీ అనబుద్ధి కాలేదు, "అత్యాచారం జరిగిందంట" అన్నాను. డాక్టర్ మంచావిడే, కానీ బయట ఓపీ లైన్ గేటు దాకా ఉంది. "ఇన్నేళ్ళైంది కదా, మరి ఇప్పుడెందుకు చెప్తోంది?" అంది. నేను ఆ ప్రశ్న అడగలేదు. "ఇప్పుడు మిమ్మల్ని ఎక్కువగా ఏం ఇబ్బంది పెడుతోంది?" అని మార్చి అడిగాను.

ఇంటికొచ్చాక అదే ఆలోచన. ఇలా మార్చి అడిగే హక్కు నాకుందా? అసలు మనం వాడే మాటల వల్ల వాళ్ళు కోలుకోవడంలో నిజంగా తేడా వస్తుందా, లేక ఇది మన మనసు ఊరట కోసం మనం చేసుకునే చర్చేనా? వేరే దేశాల్లో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు చెప్తారా?

నల్లకోటు నాంపల్లి:

సూటిగా చెప్పేస్తానమ్మా. ఆస్పత్రిలో మీరు చేసింది నడుస్తుంది. అదే పని కోర్టులో చేస్తే కేసు మునుగుతుంది. కోర్టులో దుబాసీ ప్రమాణం చేసి కూర్చుంటాడు, ప్రశ్న ఎంత దరిద్రంగా ఉన్నా ఉన్నదున్నట్టు అడగాలి, జవాబు ఎంత తెగిపోతూ వచ్చినా అలాగే అందించాలి. ఆ ప్రశ్న వద్దని అభ్యంతరం చెప్పాల్సింది లాయరు, ఆపాల్సింది జడ్జి. మీరు సర్దినట్టు రేపు తేలిందంటే అవతలి లాయరు మిగతా సాక్ష్యమంతా దుబాసీ కల్పించిందే అంటాడు.

మాటల వల్ల తేడా వస్తుందా అన్నారు కాబట్టి రువాండా సంగతి చెప్తాను. 1994 మారణకాండ తర్వాత అక్కడి టాబా అనే చోటి మేయరు అకయెసు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన రువాండా ట్రిబ్యునల్‌లో కేసు నడిచింది. మొదట పెట్టిన అభియోగాల్లో అత్యాచారం అన్నదే లేదు. వేరే విషయం మీద సాక్ష్యం చెప్పడానికొచ్చిన ఆడవాళ్ళు మాటల మధ్యలో దీన్ని బయటపెట్టారు, అప్పుడు బెంచీ మీదున్న ఏకైక మహిళా జడ్జి నవీ పిళ్ళై దాన్ని వదలకుండా అడిగారు, 1997లో అభియోగపత్రం మార్చారు, 1998 సెప్టెంబర్ 2న తీర్పు వచ్చింది. అత్యాచారాన్ని జాతి సంహారంలో భాగంగా తేల్చి శిక్ష వేసిన మొదటి అంతర్జాతీయ తీర్పు అదే. అందులో మీకు పనికొచ్చే భాగం ఇంకోటుంది. సాక్షులు తమ కిన్యార్వాండా భాషలో నాలుగు రకాల మాటలు వాడారు, ఒకదానికి "బలవంతంగా తీసుకోవడం" అని అర్థం, ఇంకోదానికి మామూలుగా చూస్తే "ఒకే పక్క మీద పడుకోవడం" అనే. దుబాసీలు అన్నింటినీ "అత్యాచారం" అనే తర్జుమా చేశారు. అది సరైందేనా అని న్యాయస్థానం విడిగా పరిశీలించి, సందర్భాన్ని చూసి, సరైందేనని తీర్పులో రాసుకోవాల్సి వచ్చింది. ఎవరో ఒక దుబాసీ మొహమాటపడి "కలిసి పడుకున్నారు" అని ఇచ్చుంటే ఏమయ్యేదో ఆలోచించుకోండి.

ఇంకో ముక్క. అంతర్జాతీయ కోర్టుల్లో దుబాసీ సాక్షి తరఫున "నేను" అనే మాట్లాడతాడు. మీరు "జరిగిందంట" అన్నారు చూశారా, ఆ "అంట" తీసేయండి. తెలుగులో దాని తప్పేం లేదు, ఎవరో చెప్పగా విన్నామని మనం రోజుకి వందసార్లు వాడతాం. కానీ డాక్టర్ చెవిలో అది "ఈమె అంటోంది, నిజమో కాదో" అన్నట్టే పడుతుంది. పోలీసు స్టేట్‌మెంట్లలో ఈ "అంట" చూసీ చూసీ నాకు విసుగొచ్చింది. "నాకు ఇలా జరిగింది అని చెప్తున్నారు" అంటే సరిపోతుంది.

మన దగ్గరిదే చెప్పాలంటే విశాఖ మన్యంలోని వాకపల్లి. 2007 ఆగస్టులో మావోయిస్టుల కోసం కూంబింగ్‌కి వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు గిరిజన మహిళలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితుల్ని వదిలేసింది, దర్యాప్తు లోపాల్ని ఎత్తిచూపి ఆ మహిళలకి పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. ఆ పదహారేళ్ళలో వాళ్ళు ఎన్ని గదుల్లో, ఎంతమంది తెలుగు ఆఫీసర్ల ముందు అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పుకుని ఉంటారో.

పాత పుస్తకాల పురుగు:

నేను లాయర్‌నీ కాను డాక్టర్‌నీ కాను, చరిత్ర చదివే పిచ్చి. మీ ప్రశ్నకి నాకు వెంటనే గుర్తొచ్చేది బంగ్లాదేశ్. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సైన్యం, దాని వెంట తిరిగిన స్థానికులు ఎంతమంది ఆడవాళ్ళని చెరిచారో లెక్క ఇప్పటికీ తేలలేదు, 2 లక్షలని అక్కడి ప్రభుత్వం చెప్తుంది, 4 లక్షల దాకా అన్నవాళ్ళూ ఉన్నారు. యుద్ధం అయిపోయిన వారం తిరక్కుండానే డిసెంబర్ 22న ప్రభుత్వం వాళ్ళందరికీ "బీరాంగన" అని బిరుదు ఇచ్చింది. మన వీరాంగనే. చెడిపోయిందనో ఇంకోటనో అనే లోకంలో ఏకంగా ఒక ప్రభుత్వం లేచి వీళ్ళు వీరవనితలు అనడం చిన్న విషయం కాదు, అప్పటికి ప్రపంచంలో ఎవరూ చేయని పని.

తర్వాత ఏమైందో తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. వీరాంగనలో ఒక్క అచ్చు మారిస్తే వారాంగన అవుతుంది, అంటే వేశ్య, బెంగాలీలోనూ అంతే. ఊళ్ళో జనం ఎగతాళికి అదే పట్టుకున్నారు. పైగా బిరుదు ఉండటమంటే ఏం జరిగిందో మెడలో బోర్డు వేసుకుని తిరగడమే కదా. చాలామంది ఆ పేరు దాచుకుని బతికారు. 1992లో ఆ యుద్ధ నేరాల మీద ఢాకాలో జనమే పెట్టుకున్న ప్రజాకోర్టుకి కుష్టియా నుంచి ముగ్గురు పేద ఆడవాళ్ళని తీసుకొచ్చారు, ఫొటోలు పేపర్లలో పడ్డాయి, ఊరికి తిరిగెళ్ళాక ఊరు వాళ్ళని వెలేసినంత పని చేసింది. మెచ్చుకున్నవాళ్ళు ఢాకాలో ఉన్నారు, వాళ్ళు బతకాల్సింది ఊళ్ళో. 2015లో గానీ వాళ్ళని అధికారికంగా స్వాతంత్ర్య యోధుల జాబితాలో చేర్చడం మొదలవలేదు, దాంతో నెలనెలా భత్యం వచ్చింది.

దీనికి ఎదురుగా కొరియా చూడండి. 1991 ఆగస్టు 14న కిమ్ హాక్ సన్ అనే ముసలావిడ తన సొంత పేరుతో, సొంత మొహంతో కెమెరాల ముందుకొచ్చి జపాన్ సైన్యం తనని ఏం చేసిందో చెప్పింది. సైన్యం వాళ్ళకి పెట్టిన పేరు "ఊరడించే ఆడవాళ్ళు" అన్నట్టు ఉంటుంది, ఎంత సిగ్గులేని మాటో. 1996లో ఐక్యరాజ్యసమితి తరఫున నివేదిక రాసిన రాధికా కుమారస్వామి దాన్ని సైనిక లైంగిక బానిసత్వం అనాలన్నారు, అది న్యాయంగా సరైన పేరు. కానీ సియోల్‌లో ప్రతి బుధవారం జపాన్ రాయబార కార్యాలయం ముందు నిలబడ్డ జనం వాళ్ళని పిలిచింది "హల్మోనీ" అని, మనం అమ్మమ్మా అన్నట్టు. నాకైతే ఆ పిలుపు బిరుదు కంటే మేలనిపిస్తుంది, అందులో జరిగినదాని ఊసే లేదు.

ముక్కుసూటి మల్లన్న:

అందరూ బాగా చదువుకున్నోళ్ళు, మాట్లాడుకోండి. నాదొక్కటే ప్రశ్న. ఆ గుడిసెలో ఉండే ఆమెకి "బాధితురాలు" అంటే ఏంటి, ఇంకోటంటే ఏంటి? మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు. చేతిలో ఒక ఐక్యరాజ్యసమితి కార్డు, రేపు ఉంటామో పంపేస్తారో తెలియని టెన్షన్, మొగుడికి చెత్త ఏరే పని దొరికితే దొరికినట్టు. ఆమె నిద్రపోకపోవడానికి జరిగిపోయింది ఎంత కారణమో, జరగబోయేది అంతే కారణం. మాటలు సానబట్టుకోవడం కడుపు నిండినవాళ్ళ పని. ముందు నడుం నొప్పికి మందు ఇప్పించండి.

పాత పుస్తకాల పురుగు:

మల్లన్నా, సగం ఒప్పుకుంటా. కానీ కొన్నిచోట్ల బువ్వ కూడా మాట వెంటే వచ్చింది. బోస్నియాలో యుద్ధం 1995లో అయిపోయింది, 2006 దాకా అక్కడి ఫెడరేషన్ (ఆ దేశంలోని రెండు భాగాల్లో ఒకటి) చట్టంలో అత్యాచారానికి గురైనవాళ్ళు విడిగా ఒక వర్గంగానే లేరు. చెయ్యో కాలో పోయిందని శాతాల్లో చూపిస్తేనే పౌర యుద్ధ బాధితుల పింఛను. 2006లో చట్టం మార్చి వీళ్ళని పేరు పెట్టి చేర్చాక, ఆ శాతం లెక్క లేకుండా నెలకి ఇంతని డబ్బు రావడం మొదలైంది. కాగితం మీద మాట లేకపోతే డబ్బూ లేదు.

ఇంకోటి, ఎవరు అంటున్నారనేది కూడా ఉంటుంది. 2014లో ఇరాక్‌లో ఐసిస్ యజీదీ అనే చిన్న మతానికి చెందిన ఆడపిల్లల్ని ఎత్తుకెళ్ళి అమ్మింది కదా. వాళ్ళ మతంలో బయటివాడితో సంబంధం అంటే వెలి, అది బలవంతంగా జరిగినా సరే అనే భయం ఉండేది. అప్పుడు వాళ్ళ పెద్ద గురువు బాబా షేక్, తిరిగొచ్చిన పిల్లలు మన పిల్లలే, పవిత్రులే, ఆదరించండి అని ప్రకటించాడు. వాళ్ళ పవిత్ర స్థలమైన లాలిష్ గుడిలో "తెల్ల ఊట" అనే ఊట నీళ్ళతో వాళ్ళకి మళ్ళీ బాప్తిజం లాంటిది చేశారు. ఢాకా ప్రభుత్వం ఇచ్చిన బిరుదు ఊళ్ళో చేయలేని పని ఈ ముసలాయన మాట చేసింది, ఎందుకంటే వెలివేసే అధికారం ఉన్నవాడే వెలి లేదన్నాడు. అయితే ఆ ఆదరణ తల్లుల దాకానే. ఆ హింస వల్ల పుట్టిన పిల్లల్ని 2019లో వాళ్ళ మత పెద్దలు ఒప్పుకోలేదు, కొంతమంది తల్లులు పిల్లల్ని వదిలేసి రావాల్సి వచ్చింది.

నిద్రలేని కౌన్సెలర్:

నేను ఈ నగరంలోనే కౌన్సెలింగ్ చేస్తాను, యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు తక్కువ, ఇళ్ళల్లో యుద్ధం చేసి వచ్చేవాళ్ళే ఎక్కువ.

మల్లన్న గారూ, మీరన్న నడుం నొప్పి దగ్గరే మొదలుపెడదాం. మన ఆడవాళ్ళు ఎవరైనా వచ్చి "నన్ను ఫలానా చేశారు" అని మొదలుపెడతారా? తెల్లబట్ట అవుతోంది, ఒళ్ళంతా మంట, గుండె దడ, నడుం పీకేస్తోంది, నరాల బలహీనత. డాక్టర్ బీ కాంప్లెక్స్ రాసి పంపేస్తుంది, మళ్ళీ నెలకి అదే నొప్పితో అదే మనిషి. ఆ నొప్పి అబద్ధం కాదు, ఆమె భాషే అది. కంబోడియాలో నియంత పోల్ పాట్ కాలం దాటొచ్చినవాళ్ళు "బాక్స్‌బాట్" అంటారు, ధైర్యం విరిగిపోవడం అని. రువాండాలో "ఇహహముక", ఊపిరి అందనంత భయం. పుస్తకాల్లో ఉండే పీటీఎస్‌డీ (ఘోరం జరిగాక వదలని మానసిక గాయం) అన్న పేరు వీళ్ళెవరి నోటా రాదు. బాలాపూర్ దారి గారూ, కాబట్టి మీరు "ఏ మాట వాడాలి" అన్నదానికి నా జవాబు, ఆమె ఏ మాట వాడితే అదే. ఆమె నడుం నొప్పి అంటే మీరూ నడుం నొప్పే అనండి, దాని వెనక ఏముందో మీరు పేరు పెట్టకండి. కేస్ షీట్ మీద ఏ పేరు రాయాలో డాక్టర్ చూసుకుంటుంది.

నాకు మీ పోస్టులో అసలు గుచ్చుకున్నది నామవాచకాల గొడవ కాదు, ఆ "ఎందుకు". మానభంగం అన్నా అత్యాచారం అన్నా ఆమెకి చేరేది పక్కావిడ నోట రోహింగ్యా మాటే. కానీ "ఇప్పుడెందుకు" అనే ప్రశ్న ఎన్ని భాషలు మారినా దాని ఎముక అలాగే ఉంటుంది. అరవలేదెందుకు, పారిపోలేదెందుకు, అప్పుడే చెప్పలేదెందుకు. తెలుగులో మనం "ఎందుకు" అని అడిగేది సగం సార్లు కారణం కోసం కాదు, నిలదీయడానికి. నల్లకోటు గారు చెప్పిన ఆ రువాండా ట్రిబ్యునల్లోనే, 2001లో, ఇంకో కేసులో అత్యాచారానికి గురైన సాక్షిని డిఫెన్స్ లాయర్ అడిగిన ప్రశ్నల మధ్య జడ్జీలు నవ్వారు. లాయర్ ప్రశ్నల తీరుకి నవ్వొచ్చిందని తర్వాత సమర్థించుకున్నారు. చట్టంలో మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి అక్కడ.

మీరు ప్రశ్న మార్చడం సరే, కానీ చాటుగా మార్చకండి. "మేడమ్, ఈ ప్రశ్న ఆమెని తప్పు పట్టినట్టు వినిపిస్తుంది, ఇలా అడగనా?" అని డాక్టర్‌తో పైకి అనండి. ఒకటి రెండుసార్లు అయ్యాక ఆ డాక్టరే అడగడం మానేస్తుంది, నేను చూశాను. మీరు చాటుగా దిద్దుతూ పోతే ఆవిడ తన తర్వాతి పేషెంటునీ అదే అడుగుతుంది.

ఇక పక్కావిడ. అంతసేపు చెప్పినదాన్ని ఒక్క ముక్క చేసిందని మీకు బాధగా ఉంది కదా. ఆవిడ కూడా అక్కడి నుంచి వచ్చిందే, ఆ ముక్క కంటే ఎక్కువ పలకలేకపోయిందేమో. లేదా ఆమె పరువు కాపాడాననుకుందేమో. పక్క గుడిసెలోనే ఉంటుంది కాబట్టి రేపు బోరింగ్ దగ్గర ఈ విషయం నలుగురికీ తెలిస్తే ఎలాగన్నది ఇంకో భయం. ఈసారి ముందే, లోపలికి వెళ్ళకముందే, ఆమెనే అడగండి, ఈవిడ తోడుంటే మీకు సమ్మతమేనా, వేరేవాళ్ళని చూడమంటారా అని. బంగ్లాదేశ్‌లో రోహింగ్యాలుండే కాక్స్ బజార్ శిబిరాల్లో కూడా మొదట్లో దగ్గరి భాష కదా అని చిట్టగాంగ్ భాష మాట్లాడేవాళ్ళని పెట్టుకుని చాలా తిప్పలు పడ్డారు, దగ్గరి భాషల్లోనే ఒంటి విషయాలకి, ముట్టు విషయాలకి మాటలు వేరేగా ఉంటాయి.

మొత్తం కథ చెప్పించాలని మాత్రం ఎవరూ ప్రయత్నించొద్దు. చెప్పేస్తే భారం దిగిపోతుందని మనలో చాలామందికి నమ్మకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా జరిగింది చెప్పమని ఒత్తిడి పెట్టొద్దనే అంటాయి. ఐసిస్ చెర నుంచి బయటపడ్డ యజీదీ మహిళ నదియా మురాద్ పేరు మీద 2022లో, ఇలాంటివాళ్ళ దగ్గర వివరాలు తీసుకునేవాళ్ళ కోసం వచ్చిన నియమావళిలో సారం అదే, అడిగే అవసరం నిజంగా ఉందా, ఆ సమాచారం ఇప్పటికే ఎక్కడైనా ఉందా చూసుకున్నాకే అడగాలి, ఎప్పుడు ఆపాలో ఆమె చేతిలో ఉండాలి. కథ చెప్పించే చికిత్సలు లేకపోలేదు, ఒక పద్ధతిలో నేల మీద తాడు పరిచి, పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా మంచి రోజులకి పువ్వులు, చెడ్డవాటికి రాళ్ళు పెట్టుకుంటూ వరసగా చెప్పిస్తారు, శరణార్థులతో బాగా పనిచేసిందది. అందులో నాకు నచ్చేది, ఆ రోజు కంటే ముందూ ఒక జీవితం ఉంది, తర్వాతా ఉంది అని తాడు మీద కనిపిస్తుంది. కానీ అది శిక్షణ ఉన్నవాళ్ళ పని, ఓపీ గదిలో అయ్యేది కాదు.

సూర్యాపేట పిల్ల:

ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఇవాళ రాయాలనిపించింది. మా నాయనమ్మ రజాకార్ల జమానా చూసిన మనిషి. దాని గురించి అడిగితే ఎప్పుడూ చెప్పేది కాదు. చింతపండు గింజలు తీస్తున్నప్పుడో, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నప్పుడో, చేతులు పనిలో ఉండి కళ్ళు చాట మీద ఉన్నప్పుడు తనంతట తనే మొదలుపెట్టేది. అది కూడా ఎప్పుడూ ఇంకొకరి కథే. "పటేలోళ్ళ వాడల ఒకామె ఉండె, వాళ్ళొచ్చిన్నాడు బాయిల దుంకింది, బతికింది." ఎవరామె అంటే, "ఉండె తీయ్." ఆమె మా ఇంటామేనా, నాయనమ్మేనా అని మా అత్తలు ఇప్పటికీ వాదించుకుంటారు. నేను అడగలేదు, బాగానే చేశాననుకుంటాను.

ఇంకోటి కూడా చెప్పాలి. మా ఇంట్లో ఈ కథలన్నీ రజాకార్లు వచ్చిన రోజుల దాకానే ఉంటాయి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ (భారత సైన్యం వచ్చి నిజాం రాజ్యాన్ని కలుపుకోవడం) అయ్యాక ముస్లిం ఆడవాళ్ళకి ఏం జరిగిందో కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదికలో ఉంది, ఎత్తుకెళ్ళడాలు, అత్యాచారాలు అన్నీ. ఆ నివేదికని కొన్ని దశాబ్దాలు బయటపెట్టలేదు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరో నానీ బియ్యం ఏరుతూ "ఒకామె ఉండేది" అని చెప్పే ఉంటుంది కదా. బాలాపూర్ చుట్టుపక్కల ఆ కుటుంబాలూ ఉంటాయి, అందుకే చెప్తున్నా, ఆ పక్కావిడే కాదు, ఉర్దూ మాట్లాడే పెద్దావిడలు కొందరు మీకు ఈ పనిలో తోడవ్వచ్చు.

బాలాపూర్ దారి:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నల్లకోటు గారూ, "అంట" మానేస్తాను, కష్టమే గానీ. కౌన్సెలర్ అక్కా, ఒక్క సందేహం. వచ్చే వారం మళ్ళీ చూపించుకోవాలి. ఆమె ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే? గదిలో డాక్టర్‌కి టైమ్ లేదు, నాకేమో ఆ నిశ్శబ్దంలో ఏదో ఒకటి అడిగేయాలనిపిస్తుంది.

నిద్రలేని కౌన్సెలర్:

అడగకండి. "నిద్ర ఎలా ఉంది, అన్నం సయిస్తోందా, మందులు కడుపులో మంట పెడుతున్నాయా" ఇవి చాలు, ఇవి కూడా ఆమెకి ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని. సూర్యాపేట పిల్ల రాసిన చాట సంగతి చూశారుగా, ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తే ఎవరికైనా విచారణలాగే ఉంటుంది. డాక్టర్ పరీక్ష చేయాలంటే ఎక్కడ ముట్టుకుంటారో, ఎందుకో ముందు చెప్పించండి, వద్దంటే ఆపేస్తామని కూడా చెప్పించండి. మాటలతో కోలుకోవడం అంటే నా అనుభవంలో ఎక్కువ భాగం ఇదే.

మీకూ ఎవరో ఒకరు ఉండాలి, నెలకోసారైనా. "నేను" అని వాళ్ళ మాటలు పలికి పలికి దుబాసీలకి వాళ్ళ కలలే వస్తాయి.

ముక్కుసూటి మల్లన్న:

ఇంతమంది ఇంత రాశారు, ఒక్కరూ అడగలేదు. ఆ పక్కావిడ రోజు కూలీ వదులుకుని వస్తోంది కదా, ఆమెకి డబ్బులేమైనా ఇస్తున్నారా? మీరు తెలుగులోకి మారిస్తే వాలంటీరు, ఆమె ఉర్దూలోకి మారిస్తే ఊరికేనా?

బాలాపూర్ దారి:

ఆటో ఛార్జీలు ఇస్తున్నాం మల్లన్న గారూ, కూలీ ఇవ్వట్లేదు. మీరు చెప్పింది ఈ ఆదివారం మీటింగ్‌లో పెడతాను.